తాటా, జీలుగా: పెరటికి ఏది మేలు?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, కాశీనగరం వైపు ఇంటి వెనక కాస్త చోటు ఉంటే మనవాళ్లు ముందు కొబ్బరి మొక్కే తెస్తారు. డబ్బున్నవాళ్లయితే నర్సరీకి వెళ్లి ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ఫాక్స్‌టైల్ పామ్ కొంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకు శ్రీకాకుళం జిల్లా ఉద్దానం కొబ్బరి తోటలు ఎలా నేలకూలాయో అందరికీ తెలుసు. ఈ నేలకు అలవాటుపడ్డ తాటి, తాటి కుటుంబానిదే అయిన కల్లుచెట్టు జీలుగు కళ్లముందే ఉన్నా, వాటిని పెంచాలని ఎవరికీ తట్టకపోవడం నాకు బాధగా ఉంటుంది.

తాటికి ఓపిక కావాలి. టెంక పాతిన పన్నెండేళ్లకో, ఒక్కోసారి ఇరవై ఏళ్లకో పూత వస్తుంది. అది మగదో ఆడదో అప్పటిదాకా తెలియదు. ముంజెలు కాసేది ఆడ చెట్టే కాబట్టి ఒక్క టెంక పాతి ఊరుకుంటే లాభం లేదు, నాలుగైదు వేయాలి. ఇంకో సంగతి, కుండీలో పెంచి తర్వాత మారుద్దామంటే కుదరదు. టెంక మొలిచాక ముందు ఒక గొట్టంలాంటి మొలకను నేలలోకి దించుతుంది. దాని కొసన, మట్టి లోపలే అసలు మొక్క తయారవుతుంది. మనం తవ్వి కాల్చుకుని తినే తేగ అదే. దాన్ని కదిలిస్తే మొక్క బతకడం కష్టం. అందుకే చెట్టు ఎక్కడ ఉండాలో అక్కడే టెంక పాతాలి. నిలదొక్కుకుందంటే మాత్రం నీళ్లు అడగదు, గాలికి లొంగదు, మూడు తరాలు చూస్తుంది.

జీలుగు తీరే వేరు. ఒడియావాళ్లు సలప అనేది దీన్నే. దీనికి తేమ, కాస్త నీడ కావాలి. కొండవాలు సవర గిరిజనుల ఊళ్లలో చూడండి, ఇళ్ల దగ్గరా వాగుల పక్కనా ఉంటుంది. ఆకు రెండుసార్లు చీలి, ఒక్కో చిన్నాకు చేప తోకలా కనిపిస్తుంది. తాటి కుటుంబం మొత్తంలో ఇలా రెండుసార్లు చీలిన ఆకు జీలుగుకూ దాని దగ్గరి జాతులకూ మాత్రమే ఉంది. పదీ పదిహేనేళ్లకు మొవ్వు దగ్గర మొదటి గెల వేస్తుంది. తర్వాతి గెల దానికంటే కింద, ఆ తర్వాతది ఇంకా కింద. అలా కొన్నేళ్లపాటు పైనుంచి కిందికి పూస్తూ వచ్చి, చివరి గెల పండాక చెట్టు చచ్చిపోతుంది. అనాస మొక్క కూడా ఒకసారే కాస్తుంది గానీ పక్కన పిలకలు వదిలి పోతుంది. జీలుగుకు ఆ పిలకలు కూడా ఉండవు, విత్తనమే దిక్కు. అందుకే కల్లు గీసేవాళ్లు కూడా ఒకటి రెండు గెలలు పండనివ్వాలి. ఆ పళ్లను మానుపిల్లులు తిని గింజల్ని దూరదూరంగా వేస్తాయి. మనం మాత్రం చేత్తో పిసకకూడదు. గుజ్జులో సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి, తగిలిన చోటల్లా దురద. చేతికి గ్లౌజులు తొడిగి కడిగి, తాజా గింజను నీడలో నాటాలి. మొలకకు నెలలు పడుతుంది, టెన్షన్ పడి తవ్వి చూడొద్దు.

ఈత గురించి ఒక్క మాట. బుట్టలకూ చాపలకూ మంచిదే గానీ ముళ్లు. కంచె వార వేసుకోవచ్చు, పిల్లలు తిరిగే పెరట్లో వద్దు.

నన్నడిగితే, వంశధార ఒడ్డున పొలం ఉన్నవాళ్లకు తాటే మేలు, అదీ గట్టు మీదే. ఇంటి కప్పు పక్కన ఉంటే ఎండుమట్టలు, పళ్లు మీద పడతాయి. ఊళ్లో పెరడు ఉండి, బావి గట్టో స్నానాల నీళ్లు పారే చోటో ఖాళీగా ఉంటే జీలుగు వేయండి. ఫాక్స్‌టైల్ కంటే అందంలో ఏమాత్రం తీసిపోదు. కాకపోతే పిల్లలు ఆడే చోటికి ఎడంగా పెట్టాలి, ఎండిపోయాక నరికి దించడానికి ఒక పక్క ఖాళీ ఉంచుకోవాలి. మొక్క చిన్నగా ఉన్నన్నాళ్లూ చుట్టూ అనాస పిలకలు నాటుకుంటే, జీలుగు ఎదిగేలోపు పళ్లు తినొచ్చు.