ఐబీఎస్‌ని పూర్తిగా తగ్గిస్తామనే పొడులు కొనేముందు డబ్బా వెనక వైపు చదవండి

ఐబీఎస్‌తో, అంటే కడుపు నొప్పితో పాటు విరేచనాలో మలబద్ధకమో వేధించే పేగు జబ్బుతో బాధపడుతూ, నొప్పి వచ్చినప్పుడల్లా ఫోన్‌లో మందుల కోసం వెతికే వాళ్లందరికీ ఈ హెచ్చరిక. పేగులను శుభ్రం చేస్తామని, ఐబీఎస్‌ని మూలం నుంచి తీసేస్తామని ఆన్‌లైన్‌లో అమ్ముతున్న పొడుల్లో ఒకదాన్ని నేను కొని వాడాను. నొప్పి తగ్గకపోగా మరింత పెరిగింది. కంపెనీ పేరు రాయడం లేదు. ఒక్క పేరు చెబితే మిగతావన్నీ మంచివే అనుకునే ప్రమాదం ఉంది. ఇలాంటివి చాలా ఉన్నాయి. పేరు కంటే పద్ధతి తెలిస్తేనే మీకు ఉపయోగం.

వాళ్ల పద్ధతి ఒక ప్రశ్నావళితో మొదలవుతుంది. పొట్ట ఉబ్బరంగా ఉంటుందా, టెన్షన్ వస్తే బాత్రూమ్‌కి పరుగెత్తాల్సి వస్తోందా, నిద్ర సరిగ్గా పడుతోందా అని అడుగుతారు. నాది విరేచనాలు ఎక్కువయ్యే రకం. అదే రాశాను. చివర్లో నా శరీరానికి ప్రత్యేకంగా తయారు చేసిన ఫార్ములా అంటూ ఒక డబ్బా చూపించారు. తర్వాత అనుమానం వచ్చి వేరే ఈమెయిల్‌తో మళ్లీ అదే ప్రశ్నావళి తెరిచి, ఈసారి పూర్తిగా మలబద్ధకం ఉన్న మనిషిలా జవాబులు ఇచ్చాను. వచ్చింది అదే డబ్బా, అదే మోతాదు. మీరు కూడా కొనేముందు ఈ పని చేసి చూడండి, ఒక్క పైసా ఖర్చు కాదు.

ఇది చిన్న విషయం కాదు. ఐబీఎస్‌లో విరేచనాలు ఎక్కువయ్యే రకం, మలబద్ధకం ఎక్కువగా ఉండే రకం, రెండూ మారుతూ వచ్చే రకం ఉన్నాయి. ఒకరికి పనిచేసే మందు ఇంకొకరిని మంచం ఎక్కిస్తుంది. డాక్టర్లు 2016 నుంచి వాడుతున్న రోమ్ 4 ప్రమాణాల ప్రకారం, గత 3 నెలల్లో సగటున వారానికి కనీసం ఒక రోజైనా కడుపు నొప్పి ఉండాలి. ఆ నొప్పికి మలవిసర్జనతోనో, ఎన్నిసార్లు వెళ్తున్నామన్న దానిలో మార్పుతోనో, మలం తీరులో మార్పుతోనో సంబంధం ఉండాలి. వీటిలో కనీసం రెండు కలిస్తేనే ఐబీఎస్ అంటారు. బాధ మొదలై 6 నెలలు కూడా దాటి ఉండాలి. నేను నింపిన ప్రశ్నావళిలో ఇవేవీ లేవు. మలంలో రక్తం పడుతోందా అన్న ప్రశ్న కూడా లేదు. పొట్ట గురించి మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న అది!

ఇక డబ్బా సంగతి. ముందు వైపు ఆకుపచ్చ రంగు, పెద్ద అక్షరాలతో ‘వంద శాతం సహజం’. వెనక వైపు, బార్‌కోడ్ పక్కన, చీమ తలంత అక్షరాల్లో అసలు విషయం ఉంది. ఫోన్ కెమెరాతో ఫొటో తీసి, పెద్దది చేసుకుని చదివితే గానీ అర్థం కాలేదు. మొదటి పేరు ఇనులిన్. రుచి కోసం సార్బిటాల్. ఆ తర్వాత ‘ప్రత్యేక మూలికా మిశ్రమం’ అని, బ్రాకెట్‌లో వరసగా పేర్లు. వాటి మధ్యలో సునాముఖి ఆకు. మిశ్రమం మొత్తం బరువు ఒక్కటే వేశారు, ఏది ఎంత ఉందో ఎక్కడా లేదు.

ఇనులిన్ ఒక రకం పీచు. ఆరోగ్యవంతులకు మంచిదే కావచ్చు. కానీ అది ఫ్రక్టాన్ల కుటుంబానికి చెందినది. ఉల్లి, వెల్లుల్లి, గోధుమ తింటే మనలో చాలామందికి పొట్ట ఉబ్బేది ఈ ఫ్రక్టాన్ల వల్లే. చిన్నపేగు వాటిని అరిగించుకోలేదు. అవి పెద్దపేగుకు చేరితే అక్కడి బ్యాక్టీరియా వాటిని పులియబెట్టి గ్యాస్ తయారు చేస్తుంది. సార్బిటాల్ కూడా సరిగ్గా ఒంటికి పట్టదు, పేగులోకి నీళ్లు లాగుతుంది. ఇలాంటి పదార్థాలన్నిటినీ కలిపి ఫాడ్‌మ్యాప్స్ అంటారు. ఇవి తగ్గించి తింటే ఐబీఎస్ వాళ్లలో చాలామందికి ఉపశమనం వస్తుందని ఆస్ట్రేలియాలోని మొనాష్ యూనివర్సిటీ పరిశోధకులు ఏళ్ల తరబడి పనిచేసి చూపించారు. అంటే మనం తగ్గించుకోవాల్సిన వాటినే పొడి చేసి, వైద్యం పేరుతో మనకు అమ్ముతున్నారు. మామూలు మనిషికి తెలియను కూడా తెలియనంత గ్యాస్ మన పేగుల్లో మెలిపెట్టే నొప్పిగా మారుతుంది. ఐబీఎస్‌లో పేగు నరాలు అంత సున్నితంగా ఉంటాయి. నొప్పి మన ఊహ కాదు.

సునాముఖి సంగతి ఇంకా ఘోరం. అది విరేచనకారి. పెద్దపేగు గోడను ప్రేరేపించి, సాధారణంగా 6 నుంచి 12 గంటల్లో మోషన్ తెప్పిస్తుంది. మలబద్ధకానికి కొద్ది రోజులు వాడేందుకే అది ఉంది. అయినా డాక్టర్ చెప్పకుండా వారానికి మించి వాడొద్దంటారు. కడుపులో మెలికలు రావడం దాని మామూలు దుష్ప్రభావమే. ఎక్కువైతే ఒంట్లో నీళ్లు, పొటాషియం పడిపోతాయి. అలాంటిదాన్ని, విరేచనాలతో అల్లాడుతున్నానని రాసిచ్చిన మనిషికి రోజూ రాత్రి పడుకునే ముందు తాగమన్నారు. తెల్లవారకముందే నడుము వంగిపోయేంత నొప్పి, ఆగకుండా నీళ్ల విరేచనాలు. ఇల్లు కదిలే పరిస్థితి లేకుండా పోయింది.

ఫోన్ చేస్తే ‘హెల్త్ కోచ్’ అనే ఆవిడ మాట్లాడింది. చాలా మృదువుగా మాట్లాడింది, ఆ మాట నిజమే. ‘కంగారు పడకండి, ఒంట్లో విషాలు బయటికి పోతున్నాయి, మందు పనిచేస్తోందనడానికి ఇదే గుర్తు’ అంది. మోతాదు తగ్గించమంటుందనుకుంటే రెట్టింపు చేయమంది. డాక్టర్ రాసిచ్చిన మాత్రలు కూడా ఆపేయమంది, అవి ‘ప్రక్షాళనకు అడ్డు’ అట. ఈ మాట ఎవరు చెప్పినా, ఎంత తీయగా చెప్పినా, ఫోన్ పెట్టేయండి. నొప్పి పెరగడం ఏ మందైనా పనిచేస్తోందనడానికి గుర్తు కాదు. విషాలను బయటికి పంపే పని కాలేయం, మూత్రపిండాలు ఎప్పుడూ చేస్తూనే ఉంటాయి. పేగును కడిగితే ఐబీఎస్ పోదు, అది పేగులో మురికి చేరడం వల్ల వచ్చే జబ్బే కాదు. పేగుకూ మెదడుకూ మధ్య నడిచే సంకేతాల్లో వచ్చిన తేడా అది.

పొడి పనిచేయడం లేదని గట్టిగా చెప్పేసరికి ఇంకో సరుకు బయటికి తీశారు. ‘ఫుడ్ ఇన్‌టాలరెన్స్ టెస్ట్’. వేలి కొసన రక్తం చుక్క తీసి పంపితే ఏయే ఆహారాలు పడవో చెబుతారట. రక్తంలో ఐజీజీ అనే ప్రతిదేహాలను (యాంటీబాడీలను) కొలిచే పరీక్ష అది. దాన్ని నేను తీసుకోలేదు. ఏదైనా పదార్థం తింటూ ఉంటే దానికి ఐజీజీ తయారు కావడం మామూలే. ఆ పదార్థం ఒంటికి అలవాటైందని మాత్రమే దానికి అర్థం, పడదని కాదు. ఈ పరీక్షను అలా వాడొద్దని యూరప్ అలర్జీ నిపుణుల సంఘం 2008లోనే స్పష్టంగా చెప్పింది. దాన్ని నమ్మితే మీరు రోజూ ఇష్టంగా తినేవే నిషేధాల జాబితాలోకి ఎక్కుతాయి. అసలే భయంభయంగా తినే మనం ఇంకా తిండి మానేసి చిక్కిపోతాం.

‘అన్ని మంచి రివ్యూలు ఉన్నాయి కదా, అందరూ అబద్ధం చెబుతున్నారా’ అని నన్ను కొందరు అడిగారు. అబద్ధం చెప్పనక్కర్లేదు. నిజాయితీగా రాసినవాళ్లు కూడా పొరబడే జబ్బు ఇది. ఐబీఎస్ దానంతటదే తగ్గుతూ, పెరుగుతూ ఉంటుంది. మనం మందు కొనేది నొప్పి బాగా ముదిరినప్పుడు. ఏం వేసుకున్నా, వేసుకోకపోయినా ఆ తర్వాత కొంత తగ్గే అవకాశమే ఎక్కువ. పైగా ఐబీఎస్ మందుల పరీక్షల్లో ఉత్తుత్తి మాత్ర వేసుకున్నవాళ్లలోనూ దాదాపు 10 మందిలో 4గురికి ఉపశమనం కనిపిస్తుంది. 2010లో హార్వర్డ్‌కు చెందిన టెడ్ కాప్‌చుక్ బృందం ఇంకో అడుగు ముందుకు వేసింది. 80 మందిని తీసుకుని, దాదాపు సగం మందికి ‘ఇందులో మందు లేదు’ అని చెప్పి మరీ మాత్రలు ఇచ్చింది. 3 వారాల తర్వాత వాళ్లలో 59 శాతం మంది తగినంత ఉపశమనం ఉందన్నారు. ఏ మాత్రా ఇవ్వని వాళ్లలో 35 శాతం మందే ఆ మాట అన్నారు. కాబట్టి వారంలో తగ్గిపోయిందని ఎంతమంది రాసినా, ఆ పొడి గొప్పదనం అందులో తేలదు.

శాశ్వతంగా పోతుందన్న మాట గురించీ చెప్పాలి. ఐబీఎస్‌ని ఎవరిలోనైనా శాశ్వతంగా తీసేసే మందు ఇప్పటికీ లేదు. పెద్దపెద్ద పరీక్షలు దాటి వచ్చిన మందులే ఇబ్బంది పెట్టిన సందర్భాలున్నాయి. విరేచనాల రకానికి అమెరికాలో 2000లో వచ్చిన అలోసెట్రాన్‌ని అదే ఏడాది వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. పేగుకు రక్తం సరిగ్గా అందక వాపు రావడం, తీవ్రమైన మలబద్ధకం లాంటి ప్రమాదాలు బయటపడ్డాయి. 2002లో గట్టి షరతులతో తిరిగి వచ్చింది. మలబద్ధకం రకానికి ఇచ్చిన టెగాసెరాడ్ అమ్మకాలను గుండె సమస్యల అనుమానంతో 2007లో ఆపారు. ఆ ప్రమాదాలు బయటపడ్డాయంటే ఎవరో లెక్క రాసుకున్నారు కాబట్టే. ‘ప్రత్యేక మిశ్రమం’ అని రాసి మోతాదు కూడా చెప్పని డబ్బా తాగి ఎంతమంది ఆసుపత్రి పాలయ్యారో ఎవరు లెక్క రాస్తున్నారు?

అలాగని చేతులు ముడుచుకుని నొప్పి భరించమని కాదు. ఉపశమనం ఉంది, అందుకే ఇంత బాధపడి రాస్తున్నాను. పొట్టలో కాకుండా పేగులో కరిగేలా పూత పూసిన పుదీనా నూనె క్యాప్సూల్స్ కండరాల బిగింపును సడలిస్తాయి. కొందరికి గుండెల్లో మంట రావచ్చు. ఇసబ్గోల్ లాంటి నీళ్లలో కరిగే పీచును కొద్దికొద్దిగా పెంచుకుంటూ పోతే చాలామందికి పనిచేస్తుంది. గోధుమ తవుడు లాంటి కరగని పీచు మాత్రం నొప్పిని పెంచవచ్చు. ఫాడ్‌మ్యాప్స్ తగ్గించే ఆహార పద్ధతి డైటీషియన్ సాయంతో చేయాల్సిన పని. 2 నుంచి 6 వారాలు ఆపి, ఆ తర్వాత ఒక్కొక్కటీ తిరిగి తిని చూసుకోవాలి. జీవితాంతం అన్నీ మానేయమని అందులో లేదు. ప్రోబయోటిక్స్ మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా జీర్ణకోశ వైద్యుల సంఘం 2021లో వద్దంది. అదే ఏడాది బ్రిటన్ సంఘం కావాలంటే 12 వారాల వరకు వాడి, తేడా లేకపోతే మానేయమంది.

నొప్పి మొండిగా ఉంటే డాక్టర్లు తక్కువ మోతాదులో అమిట్రిప్టిలిన్ ఇస్తారు. డిప్రెషన్ మందు అని పేరు చూసి భయపడి మానేసేవాళ్లు చాలామంది. డిప్రెషన్‌కు వాడే మోతాదులో చిన్న భాగమే ఇక్కడ ఇస్తారు, అదీ పేగు నుంచి వచ్చే నొప్పి సంకేతాలను తగ్గించడానికి. ఇంగ్లండ్‌లో 463 మందిపై చేసిన అట్లాంటిస్ పరీక్ష ఫలితాలు 2023లో వచ్చాయి. ఉత్తుత్తి మాత్ర కంటే ఇది బాగా పనిచేసిందని అందులో తేలింది. నోరు ఆరిపోవడం, మత్తుగా ఉండటం లాంటివి ఉంటాయి. డాక్టర్‌తో మాట్లాడి నిర్ణయించుకోండి.

కొన్ని లక్షణాలుంటే మాత్రం ఏ పొడీ, ఏ క్యాప్సూలూ ప్రయత్నించొద్దు, నేరుగా డాక్టర్ దగ్గరికి వెళ్లండి. మలంలో రక్తం, ప్రయత్నించకుండానే బరువు తగ్గడం, రక్తహీనత, జ్వరం, నిద్రలోంచి లేపేసే విరేచనాలు, 50 ఏళ్ల వయసు దగ్గరపడ్డాక కొత్తగా మొదలైన మార్పు, ఇంట్లో ఎవరికైనా పెద్దపేగు క్యాన్సర్‌గానీ, గోధుమలో ఉండే గ్లూటెన్ పడని సీలియాక్ జబ్బుగానీ, పేగు వాపు జబ్బుగానీ ఉండటం. పేగులో వాపు ఉందో లేదో చెప్పే కాల్‌ప్రొటెక్టిన్ అనే మల పరీక్ష ఉంది. సీలియాక్‌కు రక్త పరీక్ష ఉంది, కానీ అది చేయించుకునే దాకా గోధుమ మానకూడదు, మానేస్తే జబ్బు ఉన్నా లేదని రావచ్చు. ఈ పొడులు అమ్మేవాళ్లు మొదటి రోజే గ్లూటెన్ మానేయమంటారు, గుర్తుంచుకోండి.

ఇప్పటికే కొన్నవాళ్ల కోసం ఇంకో మాట. ఆర్డర్ పెట్టేటప్పుడు ‘డిస్కౌంట్’ పక్కన ముందే టిక్ పెట్టి ఉన్న గడిని చూసుకోండి, అదే ప్రతి నెలా డబ్బు కట్ అయ్యే సబ్‌స్క్రిప్షన్. రద్దు చేయమని ఎన్ని మెయిళ్లు పెట్టినా నాకు జవాబు రాలేదు. బ్యాంకులో ఆటో పేమెంట్ అనుమతిని రద్దు చేయించాకే ఆగింది. సీల్ తీసిన డబ్బాను వెనక్కి తీసుకోం అన్నారు, తాగి చూడకుండా పనిచేయదని ఎలా తెలుస్తుందో మాత్రం చెప్పలేదు. డబ్బా పారేయకండి. వెనక వైపు ఫొటో తీసి పెట్టుకుని డాక్టర్‌కు చూపించండి, సునాముఖి ఎన్నాళ్లుగా లోపలికి పోతోందో తప్పకుండా చెప్పండి. అది తెలియకపోతే ఆ విరేచనాలు జబ్బు ముదిరినందువల్లే అనుకుని అక్కర్లేని పరీక్షలు, మందులు రాసే అవకాశం ఉంది.