లెక్కా, ఉత్తరమా, ఈలా: ఏది మేలు?

నల్లజాతి మగవాళ్లకు జరిగిన అన్యాయం మీద అమెరికాలో వచ్చిన రాతల్లో నేను మళ్లీ మళ్లీ తెరిచేవి మూడు. మూడూ గొప్పవే, కానీ పట్టే పట్టు వేరు.

నల్లజాతి రచయిత బ్రెంట్ స్టేపుల్స్ 1986లో రాసిన వ్యాసం హంతకుడి ఒప్పుకోలులా మొదలవుతుంది. తన మొదటి బాధితురాలు ఒక తెల్లావిడ అంటాడు. తీరా చూస్తే అతను చేసిందల్లా షికాగోలో ఒక రాత్రి ఆమె వెనకాల నడవడమే, ఆవిడ వెనక్కి చూసి పరుగు అందుకుంది. అతనికి అప్పుడు 22 ఏళ్లు, యూనివర్సిటీ విద్యార్థి. రోడ్డు దాటుతుంటే ఆగి ఉన్న కార్ల తలుపులు టక్కుటక్కున లాక్ అయ్యే చప్పుడు వినిపించేదట. చివరికి జనం భయపడకుండా రాత్రిళ్లు వివాల్డి బాణీలు ఈల వేసుకుంటూ నడవడం అలవాటు చేసుకున్నాడు. మొదటి వాక్యానికి మనమూ భయపడ్డాం కాబట్టి దొరికిపోతాం, అక్కడే అతని నేర్పు. అయినా నాకు మనసొప్పదు. ఏ తప్పూ చేయనివాడే ఎదుటివాళ్లను ఊరడించాలా? చదివినవాళ్లు అయ్యో అనుకుని పక్కన పెట్టేయగలరు.

మార్టిన్ లూథర్ కింగ్ 1963 ఏప్రిల్‌లో బర్మింగ్‌హామ్ జైల్లో ఉత్తరం మొదలుపెట్టింది న్యూస్‌పేపర్ అంచుల మీద. ఇది సమయం కాదన్న 8 మంది తెల్ల మతగురువులకు జవాబు అది. అందులో 300 మాటలు దాటిన ఒక్క వాక్యం ఉంది: మూక చేతిలో చచ్చిన తండ్రులు, ఎంత వయసొచ్చినా 'ఒరేయ్' అనిపించుకునే మగవాళ్లు, టీవీ ప్రకటనలో చూసిన పార్కుకి తనెందుకు వెళ్లకూడదని కళ్లనీళ్లతో అడిగే ఆరేళ్ల కూతురు, ఇలా ఒకదాని మీద ఒకటి. మన తెలుగులో క్రియ చివర్న రావడం మామూలే, ఇంగ్లీషులో మాత్రం అంతదూరం ఆపడం కావాలని చేసిన పని. ఆగమని చెప్పినవాళ్లను ఆ వాక్యం అయ్యేదాకా ఆగేలా చేశాడు. అక్కడికొచ్చేసరికి ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది.

అయినా నా ఓటు నల్లజాతి పాత్రికేయురాలు ఐడా బి. వెల్స్‌కే. 1892 మార్చిలో మెంఫిస్‌లో కిరాణా కొట్టుకి సంబంధించిన ముగ్గురు నల్లవాళ్లను మూక చంపేసింది, వాళ్లలో థామస్ మాస్ ఆమె స్నేహితుడు. నల్లవాళ్లు తెల్ల ఆడవాళ్ల మీద అత్యాచారం చేస్తున్నారు కాబట్టే చంపుతున్నామని అమెరికా దక్షిణాది అంతా చెప్పుకునేది. ఆమె అరవలేదు, ఏడవలేదు. తెల్లవాళ్లు నడిపే షికాగో ట్రిబ్యూన్ పత్రిక లెక్కలే తీసుకుని ఎవరిని, ఎక్కడ, ఏ నేరం మోపి చంపారో 1895లో వరసగా అచ్చేసింది. చచ్చినవాళ్లలో అత్యాచారం ఆరోపణ అయినా ఉన్నది మూడోవంతు మందికే అని చూపించింది. అంతకు ముందే, 1892 మే నెలలో ఆమె ఊళ్లో లేనప్పుడు ఆమె పత్రిక ప్రెస్సు ధ్వంసం చేశారు, తిరిగొస్తే చంపుతామన్నారు. అప్పుడు న్యూయార్క్ నుంచి రాసింది. కింగ్ మాట్లాడింది అన్యాయమని ఒప్పుకుంటూనే ఆగమన్నవాళ్లతో. వెల్స్ ఎదురుగా ఉన్నవాళ్లు 'ఏదో చేసే ఉంటాడులే' అనేవాళ్లు. ఆ మాటకి జాలి కథ సరిపోదు, వాళ్ల కాగితాన్నే వాళ్ల ముందు పరవాలి.

2020 మేలో ఒక పోలీసు మెడ మీద మోకాలు పెట్టి నొక్కడంతో జార్జ్ ఫ్లాయిడ్ అనే నల్లజాతి మనిషి చనిపోయినప్పుడు మినియాపోలిస్ పోలీసులు మొదట ఇచ్చిన ప్రకటనలో అది ఆరోగ్య సమస్య. పక్కన నిలబడి వీడియో తీసిన 17 ఏళ్ల అమ్మాయి వల్ల నిజం బయటికొచ్చింది. అదే నెలలో వెల్స్‌కి, చనిపోయిన 89 ఏళ్లకు, అమెరికాలో జర్నలిజానికిచ్చే పెద్ద బహుమతి పులిట్జర్ వాళ్లు ప్రత్యేక గుర్తింపు ఇచ్చారు. మరుసటి ఏడాది ఆ అమ్మాయికీ ఇచ్చారు.