సీడ్ మనీ నుంచి పెద్ద గ్రాంటు దాకా: పరిశోధన నిధుల మీద ఒక అధ్యాపకురాలి సమీక్ష

నేను ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో రసాయనశాస్త్రం బోధిస్తున్నాను. నల్గొండ వైపు భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ మీద పని చేస్తాను. దశాబ్దానికి పైగా, పరిశోధన మొదలుపెట్టడానికి విశ్వవిద్యాలయం సొంతంగా ఇచ్చే సీడ్ మనీకి, విద్యార్థుల ప్రాజెక్టులకిచ్చే చిన్న మొత్తాలకు, కేంద్ర సంస్థల గ్రాంట్లకు దరఖాస్తు చేస్తూ, వచ్చిన డబ్బును ఖర్చు చేస్తూ, ఆ లెక్కలు అప్పజెబుతూ వచ్చాను. వీటన్నిటిలో కొత్తగా చేరిన అధ్యాపకులకు అత్యంత ఉపయోగపడేది సీడ్ మనీ, నిర్వహణలో అత్యంత అధ్వానంగా ఉన్నది కూడా అదే అన్నది నా అభిప్రాయం.

సొంత అధ్యాపకులకు పరిశోధన కోసం సీడ్ మనీ ఇస్తున్నారా అని, విద్యాసంస్థల నాణ్యతను మదింపు చేసే న్యాక్ తన మూడో ప్రమాణంలో అడుగుతుంది కాబట్టే చాలా విశ్వవిద్యాలయాలు ఈ పథకాన్ని పెట్టుకున్నాయి. అందువల్ల ప్రకటన వెలువడే సమయానికి పరిశోధన అవసరాలతో కన్నా న్యాక్ వివరాలు సమర్పించే గడువుతోనే సంబంధం ఎక్కువ. మా దగ్గర ఇచ్చేది లక్ష, రెండు లక్షల మధ్యలోనే ఉంటుంది. పెద్ద పరికరమేదీ ఆ మొత్తంతో రాదు గానీ, నీటిలో ఫ్లోరైడ్‌ను కొలిచే ఒక అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్, దానికి కావలసిన బఫర్ ద్రావణం, నమూనాలు పట్టే పాలిథిన్ సీసాలు (ఫ్లోరైడ్‌కు గాజు సీసాలు పనికిరావు), పల్లెలు తిరగడానికి బండి ఖర్చు సమకూరుతాయి. ఒక వేసవిలో కొన్ని గ్రామాల బోరు నీళ్ల వివరాలు చేతికి వస్తే, ఆ పట్టికే తర్వాత పెద్ద సంస్థకు పంపే ప్రతిపాదనకు వెన్నెముక అవుతుంది. ప్రాథమిక ఫలితాలు లేని ప్రతిపాదనను బయటి సమీక్షకులు రెండో పేజీ దాటి చదవరు.

దరఖాస్తు ఫారం చిన్నదే. కష్టమంతా దాని ప్రయాణంలో ఉంది. శాఖాధిపతి సిఫారసు, డీన్ సంతకం, రీసెర్చ్ సెల్ పరిశీలన, కమిటీ ముందు పది నిమిషాల ప్రజెంటేషన్, ఆ తర్వాత రిజిస్ట్రార్ ఉత్తర్వు, చివరికి ఫైనాన్స్ ఆఫీసరు దగ్గర ఫైలు. మంజూరు ఉత్తర్వు చేతికొచ్చాక కూడా డబ్బు జమ కావడానికి ఒక సెమిస్టరు పట్టిన సందర్భాలున్నాయి. వానాకాలానికి ముందు నమూనాలు తీయాలని రాసిన ప్రతిపాదనకు దీపావళి తర్వాత డబ్బు వస్తే పని ప్రణాళికే మారిపోతుంది. కమిటీలో వాణిజ్యశాస్త్రం, చరిత్ర, ఇంజనీరింగ్ అధ్యాపకులు కలిసి కూర్చుంటారు కనుక సారాంశాన్ని వాళ్లకు అర్థమయ్యేలా రాయడం మంచిది. మన రంగంలో నిష్ణాతుడైన వ్యక్తి ఆ గదిలో ఉండకపోవచ్చు.

బయటి నిధుల్లో ఎక్కువ కాలం నేను చూసింది కేంద్రం తరఫున గ్రాంట్లు ఇచ్చిన సైన్స్ అండ్ ఇంజనీరింగ్ రీసెర్చ్ బోర్డు (ఎస్‌ఈఆర్‌బీ)ని. 2008 నాటి పార్లమెంటు చట్టంతో ఏర్పడిన ఆ సంస్థ, 2023 చట్టంతో వచ్చిన అనుసంధాన్ నేషనల్ రీసెర్చ్ ఫౌండేషన్‌లో కలిసిపోయింది. కొత్త సంస్థకు అయిదేళ్లలో 50,000 కోట్ల రూపాయలు అన్నారు గానీ, అందులో అధిక భాగం ప్రభుత్వేతర వర్గాల నుంచి రావలసి ఉంది. కొత్త అధ్యాపకుల కోసం ప్రకటించిన ప్రధానమంత్రి ఎర్లీ కెరీర్ గ్రాంటులో మూడేళ్లకు 60 లక్షల వరకు ఇస్తారు. పేరున్న సంస్థల నుంచి వచ్చే పోటీని దృష్టిలో పెట్టుకుంటే, రాష్ట్ర విశ్వవిద్యాలయాల్లో ఉన్నవారికి దానికన్నా టేర్ (టీచర్స్ అసోసియేట్‌షిప్ ఫర్ రీసెర్చ్ ఎక్సలెన్స్) పథకాన్నే ముందు సిఫారసు చేస్తాను. ఐఐటీ వంటి సంస్థలో ఏడాదిలో కొద్ది నెలలు పని చేసుకునే వీలు, సంవత్సరానికి 60,000 రూపాయల ఫెలోషిప్, ఏటా 5 లక్షల పరిశోధన గ్రాంటు ఇందులో ఉంటాయి. ఆ గ్రాంటులో సగం మన సంస్థకు, సగం ఆతిథ్య సంస్థకు వెళుతుంది. మన దగ్గర లేని పరికరం పక్కన కూర్చుని పని నేర్చుకోవడం అసలు లాభం. ఆతిథ్యమిచ్చే ఆచార్యులను ముందే ఒప్పించుకోవాలి, అది ఫారం నింపడం కన్నా కష్టం.

డబ్బు వచ్చాక మొదలయ్యే కథను ఏ ప్రకటనా చెప్పదు. మ్యాన్‌పవర్, కన్స్యూమబుల్స్, ట్రావెల్, కంటింజెన్సీ అంటూ హెడ్‌లు (ఖర్చు పద్దులు) విడివిడిగా ఉంటాయి, ఒక హెడ్‌లో మిగిలింది మరో హెడ్‌లో వాడాలంటే అనుమతి తెచ్చుకోవాలి. ఖాతాలో డబ్బు వేయకుండా ఖర్చు పరిమితి మాత్రమే ఇచ్చే జీరో బ్యాలెన్స్ ఖాతాల పద్ధతి వచ్చాక మార్చి 31 నాటికి ఖర్చు కాని పరిమితి లాప్స్ అవుతుంది, కొత్త ఆర్థిక సంవత్సరంలో మళ్లీ ఇచ్చే దాకా ప్రాజెక్టు సహాయకుడి జీతం ఆగుతుంది. కేంద్ర ఆర్థిక నిబంధనల్లోని (జీఎఫ్ఆర్) 12-ఏ నమూనాలో యుటిలైజేషన్ సర్టిఫికెట్ (యూసీ, అంటే ఖర్చు ధ్రువపత్రం) పంపనిదే తర్వాతి విడత రాదు. ఆ యూసీ మీద రిజిస్ట్రార్, ఫైనాన్స్ ఆఫీసరుల సంతకాల కోసం మార్చి నెలాఖరున వరండాల్లో నిలబడే అధ్యాపకుల వరుస ప్రతి ఏడాదీ కనిపించే దృశ్యమే. ప్రభుత్వ కొనుగోళ్ల కోసం ఉన్న జెమ్ పోర్టల్‌లో మామూలు గాజుసామాను దొరుకుతుంది గానీ, ప్రత్యేకమైన ఎలక్ట్రోడ్ కోసం 'లభ్యం కాదు' అన్న పత్రం తీసుకుని బయట కొనడానికి నెలలు పట్టేది. 2025 జూన్‌లో శాస్త్ర పరిశోధన కొనుగోళ్లకు పరిమితులు పెంచి, జెమ్ వెలుపల కొనే అధికారం ఉపకులపతుల స్థాయికి ఇచ్చారు. కాగితం మీద ఇది చాలా పెద్ద ఊరట, అయితే ఆ అధికారాన్ని వాడడానికి జంకే కార్యాలయాల్లో పాత పద్ధతే నడుస్తోంది.

మనుషుల విషయానికొస్తే, ప్రాజెక్టుల్లో పనిచేసే జూనియర్ రీసెర్చ్ ఫెలోల (జేఆర్‌ఎఫ్) నెలవారీ భృతి 2023 జనవరి 1 నుంచి 31,000 నుంచి 37,000కు పెరిగింది. కానీ నెట్ లేదా గేట్ ఉత్తీర్ణులైనవారు రెండేళ్ల ప్రాజెక్టు కోసం జిల్లా కేంద్రానికి రావడం అరుదు. వచ్చినవారు పీహెచ్‌డీ సీటు దొరగ్గానే వెళ్లిపోతారు, వాళ్లను తప్పు పట్టలేం.

విద్యార్థుల మార్గదర్శకత్వం మీద విశ్వవిద్యాలయాల దృష్టి పూర్తిగా లెక్కల మీద ఉంది. ఒక్కో అధ్యాపకుడికి ఎంతమంది విద్యార్థులు అన్న నిష్పత్తి న్యాక్ అడుగుతుంది కాబట్టి రిజిస్టర్లలో సంతకాలు నిండుతాయి. నిజంగా మార్గదర్శకత్వం చేయాలంటే ఎమ్మెస్సీ పిల్లలను నల్గొండ జిల్లాలోని మర్రిగూడ దాకా తీసుకెళ్లాలి. బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం, సీసాల మీద చెరగని సిరా అన్నిటికీ డబ్బు కావాలి, విద్యార్థి ప్రాజెక్టుల ఫారంలో వీటికి గడి లేదు. అందుకని సీడ్ మనీ బడ్జెట్‌లోనే ట్రావెల్ కింద 'క్షేత్ర నమూనాల సేకరణ, విద్యార్థులతో' అని స్పష్టంగా రాసి, ఎన్ని విడతలు, ఎంతమంది అన్నది వివరణలో చేరుస్తాను. ఇలా రాసిన బిల్లును ఆడిట్‌లో ఎవరూ వెనక్కు పంపలేదు.

ఆ తిరుగుడు వల్ల వచ్చేది తరగతి గదిలో రాదు. ఫ్లోరైడ్ లీటరుకు ఒక మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీటి వనరు లేనిచోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని పిల్లలు పుస్తకంలో చదివి ఉంటారు. బోరు దగ్గర బిందె పట్టుకున్న పెద్దావిడ "ఈ నీళ్లు తాగొచ్చామ్మా?" అని అడిగినప్పుడు నాతో వచ్చిన ఒక ఎమ్మెస్సీ అమ్మాయి నోట మాట రాలేదు. ప్రయోగశాలకు తిరిగొచ్చి అదే నమూనాను ఎవరూ చెప్పకుండానే మూడుసార్లు కొలిచింది. తర్వాత ఆమె మూడు సైన్స్ అకాడమీలు కలిసి ఇచ్చే వేసవి పరిశోధన ఫెలోషిప్‌కు దరఖాస్తు చేసి, రెండు నెలలు ఒక జాతీయ ప్రయోగశాలలో పని చేసి వచ్చింది. ఈ ఫెలోషిప్‌ను నా విద్యార్థులందరికీ గట్టిగా చెబుతాను, విద్యార్థి నేరుగా దరఖాస్తు చేసుకుంటాడు కనుక మన కార్యాలయ ఫైళ్ల బెడద ఉండదు.

వచ్చే విడత సీడ్ మనీకి వెళ్లేవారు ప్రకటన కోసం ఎదురుచూడకుండా ప్రతిపాదనను వేసవిలోనే రాసి పెట్టుకోవాలి, ఎందుకంటే గడువు పది పదిహేను రోజులకు మించి ఇవ్వరు. పరికరానికి మూడు కొటేషన్లు, శాఖాధిపతి లేఖ సిద్ధంగా ఉండాలి. కొటేషన్ల చెల్లుబాటు తేదీ కూడా చూసుకోవాలి, మంజూరయ్యే సరికి అది దాటిపోతే కొనుగోలు విభాగం ఫైలును మొదటికి పంపుతుంది.