బయో ఇంజనీరింగ్ డిజైన్ కోర్సు: రెండు సెమిస్టర్లు చదివి, ఉద్యోగంలో వాడి చూశాక

మాది నెల్లూరుకు దగ్గరలోని ఒక ఇంజనీరింగ్ కాలేజీ. అక్కడ మూడో సంవత్సరం రెండో సెమిస్టర్‌లో మొదలై నాలుగో సంవత్సరం మొదటి సెమిస్టర్‌తో ముగిసే జట్టు కోర్సు ఇది. బయోటెక్నాలజీ వాళ్లకు తప్పనిసరి. ఈసీఈ, మెకానికల్ వాళ్లు కోరుకుంటే చేరవచ్చు. నేను బయోటెక్నాలజీ నుంచి వెళ్లాను. ఇప్పుడు విశాఖపట్నంలోని మెడ్‌టెక్ జోన్‌లో వైద్య పరికరాలు తయారుచేసే ఒక సంస్థలో నాణ్యతకు సంబంధించిన పత్రాల పని చూస్తున్నాను. అంటే ఆ కోర్సులో ఏది పనికొచ్చిందో, ఏది కాగితాలకే మిగిలిందో రోజూ తేలుతూనే ఉంటుంది. కోర్సులోని మొదటి సెమిస్టర్ కోసమైనా ఇందులో చేరవచ్చు. రెండో సెమిస్టర్‌ను ఓపికతో దాటాలి. మార్కులు వేసే పద్ధతి మాత్రం శుద్ధ దండగ.

జట్లను మన ఇష్టానికి కట్టుకోనివ్వరు. ఐదుగురిలో ఒకే బ్రాంచి వాళ్లు ఇద్దరికి మించకుండా కోర్సు నడిపే మేడమే వేస్తారు. మా జట్టులో చీమకుర్తి నుంచి వచ్చిన మెకానికల్ అబ్బాయి, ఒంగోలు, కావలి నుంచి వచ్చిన ఇద్దరు ఈసీఈ అమ్మాయిలు, ఇందుకూరుపేట వైపు రొయ్యల చెరువులున్న ఇంటి అబ్బాయి, నేను. మొదట్లో ఒకరి మాట ఒకరికి అర్థమయ్యేది కాదు. నేను సిర అంటే మెకానికల్ అబ్బాయి గొట్టం అనేవాడు. కొన్నాళ్లకు అతనిదే సరైన చూపు అనిపించింది.

మొదటి కొన్ని వారాలు పరికరం పేరెత్తకూడదన్నది ఈ కోర్సు నియమం. ఆసుపత్రికి వెళ్లి ఊరికే చూడాలి. చూసినదాన్ని ఒకే వాక్యంలో రాయాలి: ఎవరికి, ఏ ఇబ్బంది, ఏది మారితే అది తీరినట్లు. ఢిల్లీలో ఎయిమ్స్, ఐఐటీ కలిసి స్టాన్‌ఫోర్డ్ సహకారంతో నడిపిన బయోడిజైన్ శిక్షణ కూడా ఈ దారిలోదే. వినడానికి తేలికగా ఉంటుంది. సెన్సర్ పేరు రాకుండా ఒక్క వాక్యం రాయమంటే ఈసీఈ వాళ్లకు చెమటలు పట్టాయి.

మేము వార్డులో సెలైన్ బాటిళ్ల దగ్గర ఆగాం. బాటిల్ అయిపోతే గాలి ఒంట్లోకి వెళ్లి ప్రాణం పోతుందని రోగుల బంధువులందరూ భయపడతారు. మేడం ఆ భయాన్ని అలాగే రాసుకోనివ్వలేదు. “బాటిల్ చేతికి ఎంత ఎత్తున ఉంది? లెక్క వేసి రండి” అన్నారు. మీటరు ఎత్తున ఉంటే ఆ ద్రవం ఒత్తిడి సుమారు 73 మిల్లీమీటర్ల పాదరసానికి సమానం. చేతి సిరలో ఒత్తిడి అందులో చిన్న భాగం. బాటిల్ ఖాళీ అయ్యాక గొట్టంలో మట్టం దిగుతూ వచ్చి, సిర ఒత్తిడితో సమానమైన చోట మామూలుగా ఆగిపోతుంది. పంపుతో ఎక్కించేటప్పుడు లెక్క వేరు. అసలు తంటా ప్రవాహం ఆగాక మొదలవుతుంది. రక్తం గొట్టంలోకి ఎగదన్నుతుంది, సిరలో ఉంచే సన్నటి గొట్టం క్యాన్యులాలో గడ్డకడుతుంది, సూది మళ్లీ గుచ్చాలి. వార్డులోని సిస్టర్‌ను అడిగితే ఒక్క మాటలో తేల్చేశారు: “గాలి సంగతి తర్వాత బాబూ. ఈ ముసలమ్మ చేతికి నరం దొరకడానికి ఎంతసేపు పడుతుందో చూశావా?”

దాంతో మా వాక్యం మారింది. ప్రాణాపాయం పోయి, రెండోసారి గుచ్చాల్సి రావడం వచ్చింది. నా దృష్టిలో కోర్సు మొత్తంలో అన్నిటికంటే విలువైనది ఈ మార్పే. పుస్తకంలో చదివిన ద్రవ పీడనం ఒక మనిషి చేతి నొప్పితో కలిసిన సందర్భం నాలుగేళ్ల చదువులో నాకు మరొకటి లేదు.

తర్వాత కొట్లాట. మామూలు డ్రిప్ సెట్‌లో 20 చుక్కలు ఒక మిల్లీలీటరు. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో ఎక్కాలంటే నిమిషానికి దాదాపు 42 చుక్కలు పడాలి. కాబట్టి ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చుక్కలు లెక్కపెడదామని ఈసీఈ వాళ్లు. బాటిల్‌నే తూకం వేద్దామని మెకానికల్ అబ్బాయి. రెండూ కట్టి చూశాం. కిటికీ పక్కన పెడితే ఎండ పడి చుక్కల లెక్క తప్పింది. డ్రిప్ సెట్‌లో చుక్కలు పడే చిన్న గదిలో సెలైన్ ఎక్కువగా నిండితే లెక్కపెట్టడానికి చుక్కే కనిపించదు. తూకానికి వాడిన లోడ్ సెల్ అనే బరువు సెన్సర్‌కు వేరే జబ్బులు: ఫ్యాను గాలికి బాటిల్ ఊగితే అంకె ఊగుతుంది, బరువు చాలాసేపు వేలాడితే రీడింగు మెల్లగా జరుగుతుంది, మే నెల వేడికి ఇంకొంత జరుగుతుంది. అయినా తూకమే గెలిచింది. ఒక మిల్లీలీటరు సెలైన్ బరువు దాదాపు ఒక గ్రాము కాబట్టి ఎంత మిగిలిందో నేరుగా తెలుస్తుంది. పైగా తోడున్నవాళ్లు త్వరగా అయిపోవాలని గొట్టం మీది చక్రం తిప్పి వేగం పెంచితే అదీ బయటపడుతుంది. ఆ పని ఎంతమంది చేస్తారో వార్డులో కూర్చుంటేనే తెలుస్తుంది. ల్యాబ్‌లో సరైన తూకపు రాళ్లు లేకపోవడంతో కిరాణా కొట్టు నుంచి ముద్ర వేసిన రాళ్లు అరువు తెచ్చి సరిచూసుకున్నాం. పెద్ద కంపెనీలో పనిచేస్తూ కూడా, ముద్ర ఉన్న రాయి అంటే నాకు ఇప్పటికీ ఆ కొట్టు రాళ్లే.

ఇక్కడ అందరికంటే తెలివైన ప్రశ్న రొయ్యల చెరువుల అబ్బాయి నుంచి వచ్చింది. రాత్రి కరెంటు పోతే చెరువు నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగుతాయి. తెల్లవారుజామున నీటిలో ఆక్సిజన్ ఎలాగూ అడుగంటి ఉంటుంది. అందుకని వాళ్ల చెరువు దగ్గర అలారం పెట్టారట. వోల్టేజీ కాస్త ఊగినా అది మోగేసరికి కాపలా మనిషి వైరు పీకేశాడట. “ఇది మోగితే ఎవరు లేవాలి?” అని అడిగాడు. అప్పటిదాకా మాలో ఎవరికీ ఆ ఆలోచన లేదు, సిస్టర్ దగ్గర మోగుతుందనే అనుకున్నాం. చేతి నిండా మంచాలున్న సిస్టర్‌కు ఇంకో మోత అంటగడితే ఆ వైరుకూ అదే గతి. చివరికి 50 మిల్లీలీటర్లు మిగిలినప్పుడు, మంచం పక్కన చాప మీద పడుకున్న బంధువును లేపేలా సన్నటి మోత పెట్టాం. ఎవరూ స్పందించకపోతేనే సిస్టర్ బల్ల మీద దీపం వెలుగుతుంది. ఇప్పుడు మా ఆఫీసులో ఏ కొత్త పరికరం ముసాయిదా వచ్చినా నేను వేసే మొదటి ప్రశ్న అతనిదే.

ఇక లోపాలు. తరగతి పాఠాల్లో స్ఫూర్తి కథలు మరీ ఎక్కువ. 1968 నాటి జైపూర్ కృత్రిమ కాలు, క్షిపణుల కోసం చేసిన తేలికపాటి పదార్థంతో హైదరాబాద్ నిమ్స్ పిల్లలకు కలాం బృందం చేయించిన 300 గ్రాముల కాలిపర్లు, అంటే కాళ్లకు ఆసరాగా కట్టే పట్టీలు, గొప్ప పనులే, కాదనను. కానీ అవి ఒక్క గంటలో చెప్పవచ్చు. ఆ సమయంలో టంకం వేయడం నేర్పి ఉంటే మా బోర్డులు రెండు మిగిలేవి.

రెండో సెమిస్టర్ అంతా ఎదురుచూపులే. భాగాలు కొనడానికి బిల్లు ముందు పెట్టాలి, డబ్బు తర్వాత ఎప్పుడో వస్తుంది. ఇంటి నుంచి తెచ్చుకోలేని పిల్లలకు ఇది పెద్ద ఇబ్బంది. 3డీ ప్రింటర్ ఒక్కటే, జట్లు చాలా. అందులో వాడే పీఎల్‌ఏ ప్లాస్టిక్ 60 డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. ఎండలో నిలిపిన కారులో అర పూట ఉంచితే బాటిల్ తగిలించే కొక్కెం వంగి తయారవుతుంది. మన ఊళ్లో పరికరం చేసేవాళ్లకు మొదటి రోజే చెప్పాల్సిన సంగతి ఇది.

రోగుల మీద ప్రయత్నించనివ్వలేదు. అది సరైన నియమమే, ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా ఎవరూ అలా చేయకూడదు. కానీ ఆ దరఖాస్తు ఎలా రాయాలో కూడా నేర్పలేదు. మా పరికరం చివరిదాకా ల్యాబ్‌లో బకెట్‌లోకి నీళ్లు వదిలే బాటిల్‌నే కాపలా కాసింది.

ప్రమాదాల పట్టిక గురించి ఒక మాట. ఎఫ్‌ఎంఈఏ అని, పరికరం ఏయే విధాలుగా చెడవచ్చో రాసి, ఒక్కోదాని తీవ్రతకు, తరచుదనానికి, పసిగట్టే వీలుకు పదికి ఇన్ని అని అంకెలిచ్చి గుణించమంటారు. దాన్ని రివ్యూ ముందు రాత్రి కూర్చుని నింపే జట్లే ఎక్కువ. ఉద్యోగంలో వైద్య పరికరాల ప్రమాదాలకు సంబంధించిన ఐఎస్‌ఓ 14971 ప్రమాణం చేతికిచ్చారు. అందులో ప్రమాదం అంటే హాని జరిగే అవకాశం, ఆ హాని తీవ్రత, ఈ రెండే. పసిగట్టే వీలు ఆ నిర్వచనంలోనే లేదు. 2017 వైద్య పరికరాల నియమాల్లో పరికరాలను ప్రమాదాన్ని బట్టి విభజించే ఏ, బీ, సీ, డీ తరగతుల గురించి కోర్సులో ఒక్క స్లయిడు ఉండేది. ఇప్పుడు నా జీతమంతా ఆ స్లయిడు మీదే నడుస్తోంది.

మార్కుల దగ్గరికి వస్తే, జట్టంతటికీ దాదాపు ఒకటే. తోటివారు వేసే మార్కులని ఒక ఫారం ఇస్తారు. అందరూ అందరికీ నిండా వేస్తారు. సెమిస్టర్ సగం కోచింగ్‌లో గడిపినవారికీ, ల్యాబ్‌లో రాత్రిళ్లు కూర్చున్నవారికీ ఒకే గ్రేడు. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో రొయ్యలు మాత్రం మాయం. ల్యాబ్ పుస్తకంలో ఎవరు ఏ రోజు ఏం చేశారో రాయించి, వైవాలో దాని మీదే ప్రశ్నలు వేస్తే ఈ గొడవ సగం తగ్గేది. మేడంతో చెప్పాను కూడా. నవ్వి ఊరుకున్నారు.

ఈసీఈ, మెకానికల్ వాళ్లలో తేలికగా క్రెడిట్లు వస్తాయనుకునేవారు చేరకండి. రెండో సెమిస్టర్ సరిగ్గా ప్లేస్‌మెంట్ల కాలంలో పడుతుంది. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమే లక్ష్యమైనవాళ్లకు కూడా నేను చెప్పను. మనుషులు వాడే వస్తువు చేయాలన్న కోరిక ఉన్నవాళ్లు మాత్రం చేరండి. పేరు నమోదు చేసుకునే ముందే ఆసుపత్రి అనుమతి లేఖ వచ్చిందో లేదో కనుక్కోండి. అది ఆలస్యమైన ఏడాది మొదటి సెమిస్టర్‌లోని అసలు పస అంతా పోతుంది. పాత జట్ల నివేదికలు డిపార్ట్‌మెంట్ బీరువాలో ఉంటాయి, అడిగితే ఇస్తారు. మాది తీస్తే మూడో అధ్యాయంలోని ప్లాస్టిక్ కొక్కెం బొమ్మ వదిలేసి, చివర్లో జతచేసిన ఇనుప కొక్కెం కొలతలు తీసుకోండి.