అమెరికాలో పాత జపాన్ కేయ్ ట్రక్కు: ఏళ్ల వాడకం తర్వాత సమీక్ష

సొంత రాష్ట్రంలో నంబరు ప్లేటు ఇస్తారో లేదో తేల్చుకోకుండా కేయ్ ట్రక్కు, అంటే జపాన్‌లోని అతి చిన్న తరగతి ట్రక్కు, కొనకూడదు. బండి బాగోగుల మాట ఆ తర్వాతే. దేశంలోకి రానివ్వడం ఫెడరల్ ప్రభుత్వం పని, రోడ్డెక్కనివ్వడం రాష్ట్రం పని. మొదటి గేటు దాటి రెండో దాని దగ్గర ఆగి, పొలం బండ్లుగా మిగిలిపోయినవి చాలా ఉన్నాయి. టెక్సాస్, మసాచుసెట్స్ రెండూ 2024లో మెత్తబడి దారి ఇచ్చాయి. కాలిఫోర్నియాలో మాత్రం 1975 తర్వాతి మోడల్ పెట్రోలు బండికి ఫెడరల్ మినహాయింపు చాలదు. అక్కడి గాలి కాలుష్య బోర్డు ఒప్పుకున్న ల్యాబులో పొగ పరీక్ష నెగ్గాలి, ఇంత చిన్న బండికి ఆ ఖర్చు అస్సలు గిట్టదు. డీఎంవీ (రాష్ట్ర వాహన రిజిస్ట్రేషన్ కార్యాలయం) వాళ్లు ఫోన్లో చెప్పింది నమ్ముకుని డబ్బు కట్టకండి. ఏ నిబంధన కింద ఇస్తారో ఈమెయిల్‌లో రాయించుకోండి. టైటిల్ (యాజమాన్య పత్రం) మీద మామూలు ట్రక్ అని వస్తుందా, మినీ ట్రక్ అని వస్తుందా అన్నదీ అడగండి. మినీ ట్రక్ అయితే వేగ పరిమితి తక్కువున్న రోడ్లకే పరిమితం చేసే రాష్ట్రాలున్నాయి.

ఫెడరల్ లెక్క సూటిగానే ఉంటుంది. తయారైన నెల నుంచి 25 ఏళ్లు నిండితే భద్రతా ప్రమాణాల నుంచి మినహాయింపు: దిగుమతి సమయంలో ఇచ్చే హెచ్ఎస్-7 ఫారంలో 1వ గడి. 21 ఏళ్లు నిండి, ఇంజిన్ మొదటి రూపంలోనే ఉంటే పొగ నిబంధనల నుంచి మినహాయింపు: ఈపీఏ (ఫెడరల్ పర్యావరణ సంస్థ) 3520-1 ఫారంలో ఇ (E) కోడ్. వేరే రకం పెద్ద ఇంజిన్ ఎక్కించిన బండికి ఈ కోడ్ వర్తించదు. తయారీ తేదీ చూపే పట్టీ లేకపోతే, 25 ఏళ్ల కిందటే రిజిస్టర్ అయినట్టు చూపే జపాన్ పత్రం పనికొస్తుంది.

అమెరికాలోనే చేతులు మారుతున్న బండి కొనేవాళ్లు హెచ్ఎస్-7 నకలు తప్పక అడగాలి. అందులో 8వ గడి టిక్ చేసి ఉంటే, అది రోడ్డు కోసం చేసిన వాహనం కాదని రాసిచ్చి తెచ్చిన బండి. వేగం గంటకు 25 మైళ్లకు బిగించిన ఇలాంటివి చవగ్గా దొరుకుతాయి, ప్లేటు మాత్రం రాదు. ఎంత చవకైనా నేనైతే వదిలేయమంటాను.

సుంకం సంగతి: ట్రక్కుల మీద 1964 నుంచి 25 శాతం ఉంది, చికెన్ ట్యాక్స్ అనేది ఇదే. 2025 నుంచి దిగుమతి రేట్లు తరచూ మారుతున్నాయి కాబట్టి కస్టమ్స్ బ్రోకర్ చేత మొత్తం లెక్క ముందే రాయించుకోవాలి. ఓడెక్కక ముందే కింది భాగం ఆవిరితో కడిగించమనండి. మట్టి అంటుకుని ఉంటే రేవులో ఆపేస్తారు, అక్కడ నిలిచిన ప్రతి రోజుకూ అద్దె పడుతుంది.

డీఎంవీ కౌంటర్ దగ్గర అసలు తంటా చాసిస్ నంబరుతో. అమెరికా కంప్యూటర్ 17 అక్షరాల విన్ (వాహన గుర్తింపు నంబరు) అడుగుతుంది. జపాన్ బండికి ఉండేది హోండా యాక్టీ అనే కేయ్ ట్రక్కులోలాగా హెచ్ఏ4 అని మొదలయ్యే పొట్టి నంబరు. పాత దిగుమతి బండ్లకు ఆ 17 అక్షరాల తనిఖీని పక్కనపెట్టి నమోదు చేసే వీలు ఉంటుంది, అది తెలిసిన సూపర్‌వైజర్‌ను పిలిపించండి. ఎగుమతి ధ్రువపత్రం, దాని ఇంగ్లీషు అనువాదం, కస్టమ్స్ 7501 (దిగుమతి, సుంకం వివరాల ఫారం), బీమా, అన్నిటిలో నంబరు ఒకేలా ఉండాలి. ఒకదాంట్లో మధ్య గీత ఉండి మరోదాంట్లో లేకపోయినా, సున్నా బదులు ఇంగ్లీషు ‘O’ అక్షరం పడినా ఫైలు వెనక్కి వస్తుంది. ఫ్రేమ్ మీది నంబరు తుప్పు గీకి స్పష్టంగా ఫోటో తీసి జత చేయండి. మీటరు కిలోమీటర్లలో ఉంటుంది. 60,000 కి.మీ. అంటే సుమారు 37,300 మైళ్లే, అలాగే రాయించుకోవాలి, లేదా వయసును బట్టి మినహాయింపు అని వేయించుకోవాలి.

బీమా ఆన్‌లైన్‌లో కుదరదు, అక్కడా 17 అక్షరాలే అడుగుతుంది. ఏజెంటుతో మాట్లాడాలి. పాత బండ్లు సేకరించేవాళ్లకిచ్చే కలెక్టర్ పాలసీ చవకే గానీ రోజూ పనికి తిప్పడం అందులో ఒప్పుకోరు, సంతకానికి ముందు ఆ షరతు చదవండి.

ఇక బండి. 1990 తర్వాతివి 660 సీసీ, మోసే బరువు 350 కిలోలు, వెడల్పు 1.4 మీటర్లు, 1998 అక్టోబరు నుంచి 1.48. వెనక తొట్టికి మూడు వైపులా ఉన్న తలుపులు దించితే నాలుగడుగుల ప్లైవుడ్ పలక బల్లపరుపుగా పడుకుంటుంది. ఇంత పని చేసే ఇంత చిన్న బండి అమెరికాలో కొత్తది ఏదీ దొరకదు, అందుకే ఈ కాగితాల యాతన పడమనేది. గంటకు 45 మైళ్ల దాకా హాయిగా ఉంటుంది, 55 దగ్గర ఇంజిన్ అరుస్తుంది. ఇంటర్‌స్టేట్ (రాష్ట్రాలను కలిపే వేగవంతమైన హైవే) మీదికి ఇది తగదు. కాళ్లకూ ముందు బంపరుకూ మధ్య రేకు తప్ప ఏమీ లేదని మరవకూడదు.

మొదటి నెలలోనే చేయవలసినవి కొన్ని ఉన్నాయి. టైమింగ్ బెల్టు చరిత్ర తెలియకపోతే మార్చేయండి. పాత రబ్బరు పెట్రోలు గొట్టాలు పెట్రోలులో కలిపే ఇథనాల్‌కు పగులుతాయి, దానికి తట్టుకునేవి వేయించండి. జపాన్‌లో ఎడమ పక్కన నడుపుతారు కాబట్టి హెడ్‌లైట్ వెలుగు ఎడమ వైపే పైకి లేస్తుంది, ఇక్కడ అది ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతుంది. బల్బు మారిస్తే పోదు, దీపం మొత్తం మార్చాలి. టైర్లు 145ఆర్12, ఆరు ప్లై (ఎక్కువ బరువు మోసే రకం). అదే కొలతలో కారు టైరు పడుతుంది గానీ బరువు మోయలేదు. యాక్టీలో రేడియేటర్ ముందు, ఇంజిన్ మధ్యలో ఉంటాయి, కూలెంట్ పైపులు కింది నుంచి వెళ్తాయి. మంచు కరగడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే రాష్ట్రంలో ఆ పైపుల్నే ఏటా చూసుకోవాలి. వాటిని మార్చాక లోపలి గాలి పూర్తిగా తీయకపోతే ఇంజిన్ వేడెక్కి హెడ్ గాస్కెట్ పోతుంది.