స్టెంట్లు, షుగరు, నాలుగు అమెరికా ప్రయాణాలు: ట్రావెల్ ఇన్సూరెన్స్‌తో మా అనుభవం

తిరుపతి ప్రకాశం పార్కులో పొద్దున మాతో నడిచేవాళ్లలో పిల్లలు అమెరికాలో లేనివాళ్లు ఒకరో ఇద్దరో ఉంటారు. ఏప్రిల్ వస్తే చాలు, నడక ఆపి మరీ అడుగుతారు. "టీచరమ్మా, సారుకి గుండెకి స్టెంట్లున్నాయి కదా, ఇన్సూరెన్స్ ఎట్లా తీసుకున్నారు?" ఒక్కొక్కరికీ చెప్పలేక, రాసి పెడితే నయమని కూర్చున్నాను.

ముందు మా సంగతి. నాకు 70, బీపీ, థైరాయిడ్. మా ఆయనకి 75. షుగరు ఇరవై ఏళ్ల నుంచీ ఉంది. 2017లో స్విమ్స్‌లో రెండు స్టెంట్లు వేశారు. కిడ్నీ కూడా కాస్త చూసుకోవాలని డాక్టరు చెబుతూనే ఉన్నారు. 2016, 2019, 2023, 2025లో డాలస్ దగ్గర ఉండే మా పెద్దోడి ఇంటికి వెళ్లొచ్చాం. నాలుగుసార్లూ వేరువేరు పాలసీలు. రెండుసార్లు క్లెయిమ్ పెట్టాం. ఒకటి పోయింది, ఒకటి వచ్చింది.

2016లో ఏజెంటు ఇంటికే వచ్చాడు. కాఫీ తాగుతూ పాస్‌పోర్టు నంబర్లు, నామినీ పేరు రాసుకున్నాడు, అంతే. ఫారం రెండో పేజీలో షుగరు ఉందా, గుండెజబ్బు ఉందా, కిడ్నీ సమస్య ఉందా అని వరసగా గళ్లున్నాయి. అన్నిట్లోనూ 'లేదు' అని పెట్టేశాడు. "ఆయనకి షుగరుంది బాబూ" అంటే, "ఉందంటే సిస్టమ్ తీసుకోదు మేడమ్, ఇవన్నీ ఎవరూ చూడరు" అన్నాడు. ముప్పై ఏళ్లు పిల్లలకి తెలుగు పాఠాలు చెప్పినదాన్ని, చూస్తూ చూస్తూ సంతకం పెట్టాను. ఆ ఐదు నెలల్లో మాకు జలుబు కూడా చెయ్యలేదు. దాంతో మంచి పాలసీ అని నలుగురికీ చెప్పాను కూడా. విప్పని గొడుగుకి చిల్లుందో లేదో ఎవరికి తెలుస్తుంది!

స్టెంట్లు పడ్డాక ఆ ధైర్యం చెయ్యలేకపోయాం. 2019లో వేరే కంపెనీకి వెళ్లి, ఉన్నవి ఉన్నట్టు రాశాం. రిపోర్టులు అడిగారు, ప్రీమియం పెంచారు, చివరికి పాలసీ ఇచ్చారు. పైన లక్ష డాలర్లని పెద్ద అక్షరాలతో ఉంది. లోపల చిన్న అక్షరాలు చదవడానికి భూతద్దం తీయాల్సి వచ్చింది. అరవై దాటినవాళ్లకి గదికి రోజుకింత, సర్జన్‌కింత, అంబులెన్సుకింత అని విడివిడిగా హద్దులున్నాయి. అసలు మాట ఇంకో పేజీలో ఉంది. ముందునుంచీ ఉన్న జబ్బులకి, వాటివల్ల వచ్చే ఇబ్బందులకి ఏమీ ఇవ్వరు. ప్రాణం మీదికొస్తే మాత్రం ఒక హద్దు వరకూ ఇస్తారు.

ప్రాణం మీదికి రావడం అంటే ఏమిటో ఆ వేసవిలోనే తెలిసింది. మా ఆయన అక్కడ కొత్త బూట్లు కొన్నారు. మడమ దగ్గర ఒరుసుకుని పొక్కు లేచింది. షుగరున్న మనిషి, అయినా ఎవరికీ చెప్పలేదు. ఐదో రోజుకి కాలు చీలమండ దాకా ఎర్రగా వాచి, జ్వరం వచ్చేసింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే రక్తనాళంలోకి యాంటీబయాటిక్ ఎక్కించి ఒక రాత్రి ఉంచారు. బిల్లు 6,800 డాలర్లు. కంపెనీ నుంచి వచ్చిన ఉత్తరంలో రెండే ముక్కలు. కాలి ఇన్ఫెక్షన్ షుగరు వల్ల ముదిరింది, అంటే పాత జబ్బు. ఒక్క రాత్రికే ఇంటికి పంపారు, అంటే ప్రాణాపాయం కాదు. "అంటే నేను ఇంకొంచెం చచ్చుంటే ఇచ్చేవాళ్లన్నమాట" అన్నారాయన. పొక్కు లేపింది బూటే కానీ షుగరు కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను. కంపెనీలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ ఆఫీసరుకి రాశాం, అదే జవాబు వచ్చింది. ఆ తర్వాత హైదరాబాదులో, కంపెనీలతో తగాదాలు తీర్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, కంపెనీ కాదన్న ఏడాదిలోపు ఫిర్యాదు చెయ్యాలి. ఈ సంగతి మాకు తెలిసేసరికి కరోనా వచ్చింది. ఆ గోలలో గడువు దాటిపోయింది. అది మాత్రం మా తప్పే. ఆసుపత్రి బిల్లు మావాడు పద్దులవారీగా తెప్పించుకుని, ఇన్సూరెన్స్ కంపెనీ ఇవ్వనందని చెప్పి తగ్గించుకుని, వాయిదాల్లో కట్టాడు. తగ్గించమని అడగొచ్చని అక్కడ చాలామందికి తెలియదు.

2023లో మావాడే అక్కడి కంపెనీ పాలసీ తీసుకున్నాడు. మన కంపెనీల పాలసీలకీ దీనికీ ముఖ్యమైన తేడా 'అక్యూట్ ఆన్‌సెట్' అనే క్లాజు. పాత జబ్బే అయినా, ముందు ఏ సూచనా లేకుండా ఉన్నట్టుండి తిరగబెట్టి, మొదలైన 24 గంటల్లోపు వైద్యానికి వెళ్తే ఖర్చిస్తారు. నెమ్మదిగా ముదిరేదానికి ఇవ్వరు. డయాలసిస్, మామూలు చెకప్, అయిపోయిన మాత్రలు, వీటికీ ఇవ్వరు. చాలా ప్లాన్లలో 70 ఏళ్ల దగ్గర ఒక గీత ఉంటుంది. అది దాటగానే ఈ క్లాజు కింద ఇచ్చే మొత్తం బాగా తగ్గుతుంది. మా ఆయనకి అప్పటికి 73. మా ప్లాన్‌లో 25,000 డాలర్లని ఉంది. ఆయన ఒక్కరికే ప్రీమియం రోజుకి ఎనిమిది డాలర్ల చొప్పున పడింది. ప్రతి ఖర్చుకీ ఇంతే ఇస్తామని పట్టిక పెట్టే 'ఫిక్స్‌డ్' ప్లాన్లు ఇందులో సగానికే వస్తాయి. అక్కడి బిల్లుల ముందు ఆ పట్టిక ఎందుకూ కొరగాదు. నాకైతే డబ్బు దండగ అనిపించింది.

జులైలో ఒక రాత్రి ఒకటిన్నరకి ఆయన లేచి మంచం అంచున కూర్చున్నారు. బనీను తడిసి ఒంటికి అంటుకుపోయింది. "ఛాతీ మీద ఎవరో కూర్చున్నట్టుందే" అన్నారు. రెండున్నరకల్లా ఎమర్జెన్సీలో ఉన్నాం. మావాడు కారు పెట్టి రావడానికి వెళ్లాడు, నేనూ కోడలూ పక్కనున్నాం. నర్సు అడిగింది, నొప్పి ఎప్పుడు మొదలైందని. ఈయన తన ఇంగ్లీషులో "టూ త్రీ డేస్, లిటిల్ లిటిల్" అనేశారు.

మన పెద్దవాళ్ల అలవాటే అంత. ఏదడిగినా "రెండు మూడు రోజుల్నుంచి ఉందిలేమ్మా" అంటారు. ఒంట్లో బాలేదని కచ్చితంగా చెప్పడమే ఏదో గొంతెమ్మ కోరిక అయినట్టు. నిజానికి రెండు రోజుల ముందు ఎవరింట్లోనో ఫంక్షన్‌లో మిరపకాయ బజ్జీలు తిని, గుండెల్లో మంటని సోడా తాగి పడుకున్నారు. ఆ మంట వేరు, ఈ బరువు వేరు. కానీ నర్సు మాత్రం రెండు రోజులని టైప్ చేసేసింది.

రాత్రంతా ఉంచి, కొన్ని గంటలకోసారి రక్తపరీక్ష, ఈసీజీ, మర్నాడు స్ట్రెస్ టెస్టు చేశారు. కొత్తగా బ్లాకులేమీ లేవనిపించి, ఒక మాత్ర మార్చి పంపించారు. బిల్లు 21,400 డాలర్లు. ఆరు వారాలకి ఇన్సూరెన్స్ నుంచి రెండు ప్రశ్నలు వచ్చాయి. నొప్పి రెండు రోజుల ముందే మొదలైందని ఆసుపత్రి కాగితంలో ఉంది, మరి 24 గంటల షరతు సంగతేమిటి? ఇండియాలో గుండెకి చేసిన వైద్యం కాగితాలు ఎక్కడున్నాయి?

కాగితాలు తిరుపతిలో బీరువాలో ఉన్నాయి, నా పట్టుచీరల కింద. మాకు రాత్రి పది, ఇక్కడ పొద్దున ఎనిమిదిన్నర. పైన అద్దెకుండే అమ్మాయి పాపం పిల్లల్ని స్కూలుకి పంపించే హడావిడిలో ఉండి కూడా తాళం తీసింది. వీడియోలో నేను చెబుతుంటే ఒక్కో చీరా మంచం మీద పెట్టింది. "ఆ ధర్మవరం కింద చూడమ్మా... కాదు, దాని కింద." పసుపు రంగు ఫైలు దొరికేసరికి పావుగంట పట్టింది. ఆ చీరల వరసంతా అమెరికాలో మా కోడలు కూడా చూసింది, అది వేరే కథ.

మొదటి ప్రశ్న సంగతి గుండె డాక్టరు తేల్చారు. ఆయన రాసుకున్న నోట్సులో ఒంటిగంటన్నర అని సరిగ్గానే ఉంది. మావాడు వెళ్లి జరిగింది చెబితే, అంతకుముందు మంట ఎసిడిటీ లక్షణమనీ, ఈ నొప్పి వేరుగా ఆ రాత్రే మొదలైందనీ విడిగా ఉత్తరం రాసిచ్చారు. నాలుగు నెలలకి క్లెయిమ్ పాసయింది. ఇన్సూరెన్స్ వాళ్లతో ముందే ధరలు ఒప్పుకున్న 'నెట్‌వర్క్' ఆసుపత్రి కావడంతో బిల్లు ముందే సగానికి పైగా తగ్గింది. మిగతాది కంపెనీ కట్టింది. మా చేతి నుంచి పడింది డిడక్టిబుల్, అంటే ముందు మనమే పెట్టుకోవాల్సిన వాటా, 250 డాలర్లూ, ఇంకొన్ని చిల్లర బిల్లులూ. అబద్ధం చెప్పమని నేననడం లేదు. ఎప్పుడు మొదలైందో గంటతో సహా చెప్పండి, పాత మంటనీ కొత్త నొప్పినీ కలిపెయ్యకండి. ఇంగ్లీషు తడబడితే తెలుగు దుబాసీని అడగండి, ఫోన్లో దొరుకుతారు.

డబ్బు లేదని భయపడి ఆసుపత్రికి వెళ్లకుండా ఉండొద్దు. ఎమర్జెన్సీకి వచ్చిన మనిషిని, డబ్బు కట్టగలడా అని చూడకుండా ముందు పరీక్షించి ప్రమాదం నుంచి బయటపడేయాలని అక్కడ 1986 నుంచీ చట్టం ఉంది. బిల్లు తర్వాత వస్తుంది, అది తప్పదు.

పార్కులో తరచూ వినిపించే ఇంకో మాట: "ఐదేళ్లు దాటితే జబ్బు దాచారని క్లెయిమ్ కాదనకూడదట కదా?" ఆ 60 నెలల నిబంధన ఇక్కడ ఏటా రెన్యువల్ చేసే హెల్త్ పాలసీలకి. ట్రావెల్ పాలసీ ప్రయాణంతో మొదలై ప్రయాణంతో అయిపోతుంది. ఐదేళ్లు నిండేదెక్కడ? నాకున్న పింఛనుదారుల ఈహెచ్ఎస్ (ప్రభుత్వ ఆరోగ్య పథకం) కార్డు కూడా చెన్నైలో విమానం ఎక్కేదాకానే. యూరప్‌కి వెళ్లేవాళ్లకి షెంగెన్ వీసా కోసం కనీసం 30,000 యూరోల కవరు ఉండాలి కాబట్టి ఏజెంట్లు ఆ అంకెకి సరిపోయేది చవకలో చూసి ఇస్తారు. అది వీసా ఆఫీసుకి సరిపోతుంది. మీ గుండెకి సరిపోతుందా లేదా మీరే చదువుకోవాలి. అమెరికా విజిటర్ వీసాకి ఇన్సూరెన్స్ తప్పనిసరి కాదు, అందుకే కొందరు అసలు తీసుకోకుండానే వెళ్తారు. నాకైతే ఆ గుండె ధైర్యం లేదు.

పొడిగించుకునే సంగతి కూడా చెప్పాలి. ఉండే రోజులు పెరిగితే, పాలసీ ముగియకముందే దాన్నే పొడిగించుకోవాలి. ముగిశాక కొత్తది తీసుకుంటే, మొదటి పాలసీలో వచ్చిన జబ్బు రెండోదానికి పాత జబ్బవుతుంది. మా పక్క వీధి ఆయనకి అదే జరిగింది.

2025లో టికెట్లు తీసుకున్నాక, బయల్దేరడానికి మూడు వారాల ముందు మా ఆయనకి బీపీ మాత్ర మార్చారు. కొన్ని ప్లాన్లలో, మందు గానీ మోతాదు గానీ మారిన 30 రోజుల్లోపు ఆ జబ్బు తిరగబెడితే అక్యూట్ ఆన్‌సెట్ వర్తించదు. మాదాంట్లో ఆ వాక్యం ఉంది. మావాడు ఫోన్ చేసి, "అమ్మా, పదిహేను రోజులు ఆగి రండి" అన్నాడు. టికెట్టు మార్చడానికి ఇద్దరికీ కలిపి ఇరవై వేలు దాటింది. మా ఆయన సణిగారు, నేను పట్టించుకోలేదు. ప్రయాణానికి అభ్యంతరం లేదని గుండె డాక్టరుతో ఉత్తరం కూడా రాయించుకున్నాం. డాక్టరు వద్దన్నాక వెళ్తే ఏ పాలసీ ఇవ్వదు. మాత్రలు ఆరు నెలలకి సరిపడా స్ట్రిప్పులతోనే, మందుల అసలు పేర్లున్న చీటీతో పాటు హ్యాండ్ బ్యాగులో పెట్టుకున్నాం. పసుపు ఫైలు కూడా అందులోనే, స్కాన్ మావాడి ఫోన్లో. ఆ మూడు నెలల్లో దేనికీ ఆసుపత్రి గడప తొక్కలేదు.

ఇంత చెప్పాక కూడా, తీసుకోమంటావా వద్దంటావా అని అడుగుతారు. 70 లోపువాళ్లయితే, జబ్బు అదుపులో ఉంటే, అక్కడి కంపెనీది, ఫిక్స్‌డ్ పట్టిక లేని సమగ్ర ప్లాన్ కళ్లు మూసుకుని తీసుకోండి. 70 దాటితే తీసుకోండి కానీ, ఎంత ఇస్తారో ఆ అంకె పిల్లలకీ తెలియాలి. క్యాన్సర్‌కి చికిత్స నడుస్తున్నవాళ్లకీ, డయాలసిస్ మీద ఉన్నవాళ్లకీ ఇవి ఆ జబ్బు విషయంలో పనికిరావు. మెట్లమీద జారితేనో, న్యుమోనియా వస్తేనో పనికొస్తాయి, అంతే.

80 దాటితే? చిత్తూరులో మా వదినకి 81. కొడుకు ఆరు నెలలు ఉంచుకోవాలని ముచ్చటపడ్డాడు. ఆ వయసుకి చాలా ప్లాన్లలో అక్యూట్ ఆన్‌సెట్ మాటే లేదు, మొత్తం కవరు కూడా పదీ ఇరవై వేల డాలర్లకి మించడం లేదు. ఉన్నదాంట్లో ఒకటి తీసుకుని, కొంత డబ్బు పక్కన పెట్టుకుని, ఆరు నెలల్ని ఆరు వారాలకి కుదించారు. బయల్దేరేముందు వేలూరు సీఎంసీ ఆసుపత్రిలో ఒకసారి అన్నీ చూపించుకుంది. ఫిబ్రవరిలో వెళ్లి మనవడి ఒడుగు చూసి, మార్చి ఆఖరుకి వచ్చేసింది. ఆవకాయ పెట్టే వేళకి చిత్తూరులో ఉంది. మాకు రెండు జాడీలు పంపించింది.