స్లర్మ్‌ను ఆరేళ్లు వాడాక: అవుట్‌పుట్ ఫైలు గురించి ఒక ఫిర్యాదు

స్లర్మ్ అనేది ఎన్నో కంప్యూటర్లను కలిపిన క్లస్టర్‌లో మన లెక్కల పనులను, అంటే జాబ్‌లను, వరసలో పెట్టి నడిపే సాఫ్ట్‌వేర్. అంతకుమించి దాని గురించి, జాబ్‌ను క్యూలో ఎలా వేస్తారో ఇక్కడ రాయడం లేదు. ఇది చదివేవారిలో చాలామంది ఏదో ఒక క్లస్టర్‌లో దాన్ని వాడుతూనే ఉంటారు. మన దేశంలో జాతీయ సూపర్‌కంప్యూటింగ్ మిషన్ కింద వచ్చిన పరమ్ యంత్రాల మీద పనిచేసేవారికీ అది రోజూ ఎదురయ్యేదే. నేను ఆరేళ్లుగా వర్షపాతం అంచనా వేసే నమూనాలను దాని మీద నడుపుతున్నాను. ఇన్నేళ్లలో దాని మీద నాకు మిగిలిన కోపమంతా ఒక్కచోటే ఉంది. జాబ్ నడుస్తూ చెప్పే మాటలన్నీ పడే అవుట్‌పుట్ ఫైలు తయారు కాకపోతే, ఆ సంగతిని అది జాబ్ వేసినవారికి చెప్పదు.

అంతకుముందు పనిచేసిన చోట నేను స్లర్మ్ లాంటిదే అయిన పీబీఎస్ వాడేవాడిని. అక్కడ దాన్ని అమర్చిన తీరు ప్రకారం, జాబ్ నడుస్తున్నంతసేపూ అవుట్‌పుట్ అది నడిచే నోడ్‌లోని (క్లస్టర్‌లోని ఒక్కో కంప్యూటర్‌ను నోడ్ అంటారు) స్పూల్ అనే తాత్కాలిక డైరెక్టరీలో పేరుకుపోయి, జాబ్ ముగిశాకే మన డైరెక్టరీకి కాపీ అయ్యేది. పద్దెనిమిది గంటల పరుగు మూడో గంటలోనే గాడి తప్పినా మర్నాటికి గానీ తెలిసేది కాదు. స్లర్మ్‌కు మారిన మొదటి రోజు, నడుస్తున్న జాబ్ ఫైలు మీద, చివర చేరే వరసలను చూపించే టెయిల్ కమాండ్ పెట్టి కూర్చుంటే, ఒక్కో టైమ్ స్టెప్ కళ్లముందే వరసగా పడుతూ వచ్చింది. మొదటి ఏడాదంతా పక్క గదివాళ్లకు స్లర్మ్ గురించి నేను చెప్పిన మంచి మాటలన్నీ ఈ ఒక్క సౌకర్యం గురించే. ఫైలును మన డైరెక్టరీలోనే నేరుగా తెరిచే ఆ పద్ధతే నా శనివారాన్ని తినేస్తుందని అప్పట్లో అనుకోలేదు.

రెండేళ్ల కిందట, ప్రాజెక్టు సమీక్షకు పది రోజుల ముందు, నా హోమ్ డైరెక్టరీలో ఫైళ్ల సంఖ్య కోటా దాటబోతోందని హెచ్చరిక వచ్చింది. లాగ్స్ అనే డైరెక్టరీలో వేల కొద్దీ చిన్న ఫైళ్లు ఉన్నాయి. వాటన్నిటినీ ఒక టార్ ఫైలుగా కట్టి వేరేచోట దాచి, డైరెక్టరీని మొత్తంగా తీసేశాను. ఆ శుక్రవారం సాయంత్రమే ఒకే స్క్రిప్ట్‌ను 240 టాస్కులుగా నడిపే జాబ్ అర్రే ఒకటి, అవన్నీ సవ్యంగా ముగిస్తే వాటి ఫలితాలను కలిపే మరో జాబ్ ఒకటి వేశాను. జాబ్ వేసే కమాండ్ ఎస్‌బ్యాచ్ ఎప్పటిలాగే రెండింటికీ నంబర్లు ఇచ్చింది. క్యూలో ముందు వేరేవాళ్ల జాబ్‌లు ఉన్నాయి కాబట్టి రాత్రికి మొదలవుతాయిలే అనుకుని ఇంటికి వెళ్లాను.

శనివారం ఉదయం చూస్తే క్యూలో రెండో జాబ్ ఒక్కటే ఉంది, దాని పక్కన కారణం గడిలో డిపెండెన్సీ నెవర్ శాటిస్‌ఫైడ్ అని ఉంది. అంటే అది ఎదురుచూస్తున్న షరతు ఇక ఎప్పటికీ తీరదు. 240 టాస్కుల జాడ లేదు. ఫలితాల డైరెక్టరీ ఖాళీగా ఉంది. ఏం జరిగిందో చదవడానికి ఒక్క లాగ్ ఫైలు కూడా లేదు. ఎస్‌కంట్రోల్‌తో ఆ జాబ్ వివరాలు అడిగితే అలాంటి నంబరే లేదని జవాబిచ్చింది, ఎందుకంటే ముగిసిన జాబ్‌ను స్లర్మ్ కంట్రోలర్ డిఫాల్టుగా 300 సెకన్లు దాటితే తన జ్ఞాపకంలోంచి తీసేయవచ్చు. చివరికి జాబ్‌ల చరిత్ర దాచే అకౌంటింగ్ రికార్డు తీస్తే 240 వరసలు వచ్చాయి. ప్రతి వరసలోనూ ఫెయిల్డ్ అనే మాట, నడిచిన సమయం సున్నా, ఎగ్జిట్ కోడ్ స్థానంలో 0:53.

ఆ 53 ఏమిటో తెలియక నేను పోగొట్టుకున్న సమయం గురించి కాస్త వివరంగా చెప్పాలి. ఎగ్జిట్ కోడ్‌లో రెండో అంకె సిగ్నల్ నంబరు, అంటే ప్రోగ్రామును ఆపిన సూచన నంబరు, అని మనకు తెలుసు. లినక్స్‌లో ప్రోగ్రాములకు అందే రియల్ టైమ్ సిగ్నళ్లు 34తో మొదలవుతాయి కాబట్టి 53 అంటే, సున్నా నుంచి లెక్కిస్తే, రియల్ టైమ్ సిగ్నల్ 19 అవుతుంది. స్లర్మ్ కూడా దాన్ని అదే పేరుతో చూపిస్తుంది. నా ప్రోగ్రాముకు ఎవరు, ఎందుకు ఆ సిగ్నల్ పంపారని వెతకడం మొదలుపెట్టాను. ఆ వారమే క్లస్టర్‌లో, నోడ్ల మధ్య సందేశాలు నడిపే ఎంపీఐ లైబ్రరీ మార్చారు కనుక అనుమానం అటు మళ్లింది, నమూనా మొత్తాన్ని కొత్త లైబ్రరీతో మళ్లీ కంపైల్ చేశాను. దానికి పూట గడిచిపోయింది. అయినా ఫలితం మారలేదు. నిజానికి ఎవరూ ఏ సిగ్నలూ పంపలేదు.

మధ్యాహ్నం భోజనం తర్వాత, హోస్ట్‌నేమ్ అనే ఒక్క కమాండ్ తప్ప మరేమీ లేని స్క్రిప్ట్ రాసి, స్లర్మ్‌కు సూచనలిచ్చే పాత హెడర్ వరసలన్నీ దానికి తగిలించి వేశాను. అదీ సున్నా సెకన్లలో పోయింది. నమూనాకూ దీనికీ సంబంధం లేదని అప్పుడు అర్థమై, హెడర్‌లో ఒక్కో వరస తీసేస్తూ వచ్చాను. మొదట అకౌంట్ వరస, తర్వాత పార్టిషన్, సమయం, మెమరీ. ఆఖరున అవుట్‌పుట్ ఫైలు లాగ్స్ డైరెక్టరీలో పడాలని చెప్పే అవుట్‌పుట్ వరస తీయగానే, నేనున్న డైరెక్టరీలో స్లర్మ్ పేరు, జాబ్ నంబరు కలిసిన మామూలు ఫైలు ఒకటి పుట్టింది. తెరిస్తే నోడ్ పేరు ఒక్క వరస. కిందటి రోజు నేనే తీసేసిన లాగ్స్ డైరెక్టరీ అప్పుడు గుర్తొచ్చింది.

అక్కడితోనూ అయిపోలేదు. డైరెక్టరీ లేకపోతే తయారు చేసుకొమ్మని స్క్రిప్ట్ మొదటి వరసలోనే ఎంకేడిఐఆర్ రాసి మళ్లీ వేస్తే మళ్లీ 0:53. ఇక ఉండబట్టలేక సెలవు రోజైనా సిస్టమ్ అడ్మిన్‌గారికి ఫోన్ చేశాను. ఆవిడ ఆ కంప్యూట్ నోడ్ లాగ్ తెరిచి, "సార్, స్టాండర్డ్ అవుట్ ఫైలు తెరవలేకపోయింది, అలాంటి డైరెక్టరీ లేదు అని ఇక్కడ స్పష్టంగానే ఉందండీ. డైరెక్టరీని జాబ్ వేయకముందే పెట్టుకోవాలి, స్క్రిప్ట్‌లో పెడితే అందదు" అన్నారు. నేను ఉదయం నుంచి వెతుకుతున్న మాట ప్రతి టాస్కుకూ ఒకసారి చొప్పున రాసిపెట్టి ఉంది. కాకపోతే అది మాలాంటి వాడుకరులు లాగిన్ కాలేని నోడ్లలో, చదివే అనుమతి లేని ఫైల్లో ఉంది.

క్రమం తెలిస్తే ఇదంతా సహజంగానే కనిపిస్తుంది. జాబ్ మొదలయ్యేటప్పుడు కంప్యూట్ నోడ్‌లోని స్లర్మ్ ప్రోగ్రాము మన పేరు మీదికి మారి, ముందుగా అవుట్‌పుట్, ఎర్రర్ ఫైళ్లను తెరిచి, ఆ తర్వాతే మన స్క్రిప్ట్‌ను నడుపుతుంది. ఫైలు తెరుచుకోకపోతే స్క్రిప్ట్‌లోని మొదటి వరసకు కూడా వంతు రాదు. మా దగ్గరున్న వెర్షన్ లేని డైరెక్టరీని తానుగా తయారు చేయదు. పీబీఎస్‌లో అయితే ఇలాంటప్పుడు జాబ్ పూర్తిగా నడిచి, కాపీ కాని అవుట్‌పుట్ అన్‌డెలివర్డ్ అనే డైరెక్టరీలో మిగిలి, తర్వాత అడిగితే తీసిచ్చేవారు. అవుట్‌పుట్‌ను ఆలస్యంగా చూపించే పద్ధతి అని నేను విసుక్కున్నదే అక్కడ లెక్కలను కాపాడింది, వెంటనే చూపిస్తుందని నేను పొగిడిన పద్ధతి ఇక్కడ లెక్కను మొదలుకానివ్వలేదు.

జాబ్ వేసేటప్పుడే డైరెక్టరీ ఉందో లేదో చూడవచ్చు కదా అని మొదట్లో నేనూ వాదించాను. మనం జాబ్ వేసే లాగిన్ నోడ్‌లో కనిపించే ఫైల్ సిస్టమ్ జాబ్ నడిచే కంప్యూట్ నోడ్‌లో అలాగే ఉంటుందన్న హామీ లేదు కాబట్టి ఆ పరీక్షకు అంత విలువ ఉండదని తర్వాత ఒప్పుకున్నాను. నేను ఒప్పుకోలేనిది ఒక్కటే. విఫలమైన క్షణంలో ఆ నోడ్‌కు కారణం తెలుసు. దాన్ని అకౌంటింగ్ రికార్డులో నాలుగు మాటల్లో రాయకుండా సిగ్నల్ వేషం వేసి పంపడం వాడేవారి సమయం పట్ల నిర్లక్ష్యం.

ఆ తర్వాత మా గుంపులో ఎవరికి 0:53 వచ్చినా నా దగ్గరికే వస్తున్నారు. ప్రతిసారీ కారణం డైరెక్టరీ లేకపోవడమే కాదు. ఎక్కువసార్లు చూసింది హెడర్‌లో డాలర్ గుర్తుతో హోమ్ అని రాయడం: కమాండ్ వరసలో రాస్తే, కమాండ్లు చదివే షెల్ దాన్ని అసలు దారిగా విప్పి ఇస్తుంది కాబట్టి పనిచేస్తుంది, హెడర్‌లో మాత్రం ఎవరూ విప్పరు, స్లర్మ్ సరిగ్గా ఆ డాలర్ గుర్తుతోనే పేరున్న డైరెక్టరీ కోసం వెతికి లేదని ఊరుకుంటుంది. ఒక సహోద్యోగి వేరొకరి స్క్రిప్ట్ తీసుకుని అందులోని దారి మార్చడం మరిచిపోయారు, అక్కడ రాసే అనుమతి ఆయనకు లేదు. మరొకరికి కోటా నిండిపోయింది. తాత్కాలిక ఫైళ్లుండే టెంప్ డైరెక్టరీకి అవుట్‌పుట్ పంపిన విద్యార్థి విషయంలో తప్పే లేదు. ఫైలు కంప్యూట్ నోడ్ సొంత డిస్కులో చక్కగా తయారైంది, అతను లాగిన్ నోడ్‌లోని టెంప్‌లో వెతుక్కుంటూ గంట కూర్చున్నాడు.

వెంటనే కనిపించే అవుట్‌పుట్ గురించి పైన రాసిన పొగడ్తను కూడా కాస్త సవరించుకోవాలి. పైథాన్ ప్రోగ్రాము ఫైలుకు రాసేటప్పుడు వరసలను బఫర్‌లో పోగుచేసి ఒకేసారి వదులుతుంది, కాబట్టి బఫర్ వద్దని మనమే చెప్పకపోతే టెయిల్ పెట్టినా చాలాసేపు ఏమీ కనిపించదు. ఇది స్లర్మ్ తప్పు కాదు. ఇంకొకటి మాత్రం దానిదే. నోడ్ పడిపోయి జాబ్ మళ్లీ క్యూలోకి వెళ్లి మొదలైనప్పుడు, డిఫాల్టుగా పాత అవుట్‌పుట్‌ను చెరిపేసి అదే ఫైలును మొదటినుంచి రాస్తుంది. మొదటి పరుగు ఎక్కడిదాకా వచ్చిందో తెలిపే ఆధారం ఒకసారి అలాగే పోయింది. ఓపెన్ మోడ్‌ను అపెండ్ అని పెట్టుకుంటే పోదు, ఇప్పుడు నా హెడర్లన్నిటిలో ఆ వరస ఉంది.

డీవోఎస్ పద్ధతిలో వరసలు ముగిసే స్క్రిప్ట్ వేస్తే మాత్రం ఎస్‌బ్యాచ్ అక్కడికక్కడే ఆపి, లోపం ఏమిటో పూర్తి వాక్యంలో చెబుతుంది. విండోస్‌లో రాసుకుని తెచ్చే మా విద్యార్థులను అది ఎన్నోసార్లు ఆదుకుంది. అంత చక్కగా చెప్పడం తెలిసిన సాఫ్ట్‌వేర్ ఇది, అందుకే అవుట్‌పుట్ ఫైలు దగ్గర దాని మౌనం నన్ను ఇంకా బాధపెడుతుంది.

ఇప్పుడు నేను ఎస్‌బ్యాచ్‌ను నేరుగా పిలవను. ముందు డైరెక్టరీ తయారు చేసి, అందులో ఒక ఖాళీ ఫైలు రాసి చూసి, అప్పుడే జాబ్ వేసే ఆరు వరసల చిన్న స్క్రిప్ట్ ఒకటి రాసుకున్నాను. అర్రే జాబ్ అయితే మొదటి టాస్కును ఒంటరిగా వేసి, అది పది సెకన్లు నడిచాకే మిగతావి వదులుతాను. ఇంత జాగ్రత్త అవసరమైనా స్లర్మ్‌ను వదిలేయమని ఎవరికీ చెప్పను, ఎందుకంటే క్యూ నిర్వహణలో అది ఆరేళ్లలో నన్ను ఒక్కసారి కూడా నిరాశపరచలేదు. అయితే మా క్లస్టర్‌లో ఉన్నది పాత వెర్షన్, నావి గంటల కొద్దీ నడిచే పెద్ద పరుగులు, సెలవు రోజున కూడా ఫోన్ ఎత్తే అడ్మిన్ మాకు ఉన్నారు. నోడ్ లాగ్ చదివి చెప్పే మనిషి అందుబాటులో లేనిచోట చిన్న జాబ్‌లు వేలల్లో వేసేవారికి నా అభిప్రాయం ఎంతవరకు సరిపోతుందో వారే చూసుకోవాలి. కొత్తగా చేరిన విద్యార్థులకు ఇచ్చే నమూనా స్క్రిప్ట్‌లోంచి అవుట్‌పుట్ వరసను మాత్రం తీసేశాను. మొదటి నెలంతా వాళ్ల ఫైళ్లు జాబ్ వేసిన డైరెక్టరీలోనే పడుతున్నాయి.